ఉలిపికట్టె ఎవరు?

‘ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి’ అని మన పెద్దలు అనుచుందురు. పదుగురు నడచు త్రోవను విడిచినవానిని ఈ మాటతో గేలి చేయుట వాడుక. కాని ఒక ఊరి ఉలిపికట్టె మరియొక ఊరిలో మర్యాదస్థుడు కావచ్చును గదా! ఏది కట్టుబాటు, ఏది కట్టు తప్పుట అను తలంపు దేశమునుబట్టియు, కాలమునుబట్టియు ఎట్లు మారునో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొన్ని ఉదాహరణములతో తెలుపగోరుచున్నాము.

మొదట మేనరికమును తీసికొందము. మేనమామ కుమార్తెను, మేనత్త కుమార్తెను వివాహమాడుట తెలుగువారిలోను, తమిళులలోను పెక్కు కులములయందు చిరకాలముగా నున్న ఆచారము. మన చింతాద్రిపేటకు కొద్దిదూరమున నున్న షావుకారుపేటలో తరతరములుగా స్థిరపడిన మార్వాడీ కుటుంబములవారికో, మేనమామ కుమార్తె తోబుట్టువుతో సమానము. అట్టి పెండ్లిని తలచుటయే వారికి దోషము. ఒకే నగరమున ఒకరి మర్యాద మరియొకరికి అపచారమగుచున్నది.

ఈ భేదము నేటిది కాదు. రెండువేల యేండ్లకు పైబడినదని పండితులు ఎంచు బౌధాయన ధర్మసూత్రమున దక్షిణాదివారి ఆచారములు ఐదు, ఉత్తరాదివారి ఆచారములు ఐదు పేర్కొనబడినవి. మేనరికము, భార్యతో కలిసి భుజించుట, చద్ది తినుట దక్షిణాదివి. ఉన్ని అమ్ముట, ఆయుధములు పట్టి జీవించుట, సముద్రయానము చేయుట ఉత్తరాదివి. ఒక దిక్కు ఆచారమును మరియొక దిక్కున పాటించుట దోషమనియు, ఏ దేశమున ఆ దేశాచారమే ప్రమాణమనియు ఒక మతము అందు కలదు. గౌతముడు దీనిని ఒప్పుకొనలేదనియు అందే చెప్పబడినది. మనము నేడు చేయు చర్చ ఆనాడే నడచినదన్నమాట! 1955 నాటి హిందూ వివాహ చట్టము సైతము దగ్గరి బంధువుల వివాహమును నిషేధించుచునే, ఆచారము అనుమతించినచోట చెల్లునని మినహాయింపు నిచ్చినది.

అయితే ఆచారమైన మాత్రముననే అది మేలైనదనుట తగదు. రక్తసంబంధుల సంతానమునకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు కలుగు అవకాశము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. మనది కనుక మంచిదనుటయు, పరాయిది కనుక చెడ్డదనుటయు రెండును తొందరపాటు తీర్పులే.

కాలమునుబట్టియు తీర్పు మారును. 1856లోనే చట్టము వితంతు వివాహమును అంగీకరించినను, సంఘము అంగీకరింపలేదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు, ఆయనకును, ఆయనతో నిలిచినవారికిని సంఘబహిష్కారము తప్పలేదు. ఆనాటి ఉలిపికట్టెను నేడు యుగపురుషుడని కొలుచుచున్నాము. వెలివేసినవారి పేర్లు ఎవరికి జ్ఞాపకమున్నవి?

ఒక మనుష్యుని వెలివేయుటకంటె ఘోరమైనది ఒక జాతినంతయు దోషులుగా ఎంచుట. తీరమునుండి ఉప్పును లోనాడులకు, అచటి ధాన్యమును తీరమునకు పశువులమీద మోయుచు, ఊరూర తిరిగి వ్యాపారము చేసినవారు ఎరుకలవారు. తమిళదేశమున వీరిని కొరవలందురు. రైళ్లు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు అదుపు పెరిగి, వారి వృత్తి దెబ్బతినెను. నిలకడగా ఒకచోట నుండనివారిపై అనుమానము పెరిగెను. 1871లో ఉత్తరదేశమున పుట్టిన నేరస్థ జాతుల చట్టము 1911లో చెన్నపురి రాజధానికిని వ్యాపించినది. ఆ చట్టముక్రింద పేరు నమోదైనవాడు పోలీసులయెదుట హాజరు పలుకవలెను. అనుమతి చీటీ లేనిదే ఊరు దాటరాదు. అతడేమి చేసెనని ఎవరును అడుగలేదు. ఎవరికి పుట్టెనని మాత్రమే అడిగిరి. బాపట్ల సమీపముననున్న స్టూవర్టుపురము అట్టివారిని ఉంచుటకు ఏర్పరచిన సెటిల్మెంటే. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను, ఆ ఊరిపేరు వినగానే దొంగలను తలచు అలవాటు మాత్రము పలువురిని చాలాకాలము వీడలేదు.

అట్లయిన, తప్పన్నది లోకమున లేనే లేదా? తప్పక కలదు. దొంగతనము, హింస, మోసము ఇతరులకు హాని చేయును. వానిని ఆచారమను ముసుగు కప్పి సమర్థింపరాదు. కావున ఇతరుల నడత వింతగా తోచినప్పుడు విద్యార్థులు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన ఎవరికైన హాని కలుగుచున్నదా? లేక మనకు అలవాటు లేకపోవుటయే దీని దోషమా?

ఈ ప్రశ్నలు మన పిల్లలకు మరింత అవసరము. నేతపనివారిని రప్పించి 1734లో నెలకొల్పిన ఈ పేట మొదటినుండియు వలసవచ్చినవారి పేటయే. ఇచ్చట మన ఇంటి మాట వేరు, వీధి మాట వేరు. మన పలుకును, పండుగను చూచి నవ్వువారు ఉండవచ్చును. ఆ నవ్వు ఎంత నొప్పించునో ఎరిగిన మన పిల్లలు, నిన్న మొన్న బీహారునుండియో, ఒడిశానుండియో వచ్చి ప్రక్క బల్లపై కూర్చున్న పిల్లవానిని చూచి నవ్వరాదు. తల్లిదండ్రులును ఇంటిలో ‘వాళ్లంతే’ అను మాటను పిల్లల చెవిని వేయకుందురుగాక. ఆ చిన్నమాటనుండియే పెద్ద చట్టములు పుట్టినవి.