మీకు తెలుసా? మోటర్‌హోమ్ మురుగు వాల్వు సంగతులు

అమెరికా రోడ్ల మీద తిరిగే మోటర్‌హోమ్‌ల కింద సాధారణంగా రెండు రకాల మురుగు ట్యాంకులుంటాయి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, సింకు, షవరు నీళ్లది గ్రే ట్యాంకు. బ్లాక్ ట్యాంకు వాల్వు మామూలుగా 3 అంగుళాలది. గ్రేది చాలా బళ్లలో 1.5 అంగుళాలే.

వాల్వు లోపల ఉండేది పల్చటి పలక, దానికి అటూ ఇటూ రబ్బరు సీళ్లు. హ్యాండిల్ లాగితే పలక పక్కకి జరిగి దారి ఇస్తుంది. అది కూర్చునే గాడిలో టాయిలెట్ పేపరు ముక్కో, ఎండిన మడ్డో ఇరుక్కుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. పైపు చివరి మూత తీయగానే మురికి నీళ్లు కారడానికి చాలాసార్లు కారణం ఇదే. సీలు పోయిందని తేల్చేసే ముందు ట్యాంకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి చూడండి.

బిగుసుకుపోయిన వాల్వుకు పెట్రోలియం జెల్లీ మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికోన్ లూబ్రికెంటే సరైనది.

సీళ్లు మార్చడం అనుకున్నంత కష్టం కాదు. ట్యాంకు ఖాళీ చేసి, బాగా కడిగి, గ్లవ్స్ తొడుక్కుని 4 బోల్టులు విప్పితే చాలా రకాల వాల్వులు ఊడి చేతిలోకి వస్తాయి. కొత్త సీళ్లను మడత పడకుండా కూర్చోబెట్టడంలోనే ఉంది పనితనమంతా. బోల్టులను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి.

క్యాంపులో పైపు తగిలించే ఉన్నా బ్లాక్ వాల్వు మూసే ఉంచాలి. తెరిస్తే నీరు జారిపోయి మలం గుట్టగా పేరుకుంటుంది. ఖాళీ చేసేటప్పుడు బ్లాక్ ముందు, గ్రే తర్వాత. ఆ సబ్బు నీళ్లే పైపును కడిగేస్తాయి.