అక్కకు లేదు, చెల్లెలికి ఉంది!

అసెంబ్లీ అనగానే మనకు గుర్తొచ్చేవి అరుపులూ, వాకౌట్లూ! టీవీలో అవి రాగానే ఛానల్ మార్చేస్తాం. కానీ పుట్టింటి పొలంలో మనకు వాటా ఉందా లేదా అన్నది ఒకప్పుడు అక్కడే తేలింది.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం పార్లమెంటు చేసింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును అది మగపిల్లలకే ఉంచింది. మరి ఢిల్లీ చేసిన చట్టాన్ని హైదరాబాదు ఎలా మార్చిందంటారా? రాజ్యాంగంలో మూడు జాబితాలున్నాయి. రక్షణ, రైళ్లు కేంద్రానివి. పోలీసు, భూమి, సారా రాష్ట్రానివి. పెళ్లి, విడాకులు, వారసత్వం ఉమ్మడివి. ఉమ్మడి విషయంలో పేచీ వస్తే కేంద్రానిదే పైచేయి. అయితే రాష్ట్రం తన బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకూ అదే చెల్లుతుంది. ఎన్టీ రామారావుగారి హయాంలో ఆంధ్రప్రదేశ్ చేసిందదే. 1986లో వచ్చిన ఆ సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ కొడుకుతో సమానంగా హక్కిచ్చింది.

కానీ మెలిక చూడండి. ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లకు లేదు! ఒక్క కడుపున పుట్టినా అక్కకు లేని వాటా చెల్లెలికొచ్చింది. తొందరగా పెళ్లి చేసుకోవడమే అక్క చేసిన నేరమా? 2005లో పార్లమెంటు దేశమంతటికీ ఈ హక్కిచ్చాక గానీ పెళ్లి మెలిక పోలేదు.

ఆ చట్టం వచ్చేనాటికి మనకు శాసనమండలి లేదు, 1985లోనే రద్దయింది. మళ్లీ వచ్చింది 2007లో. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సభలో 175 మంది, మండలిలో 58 మంది. తెలంగాణలో 119, 40. మండలి బిల్లును కొన్నాళ్లు ఆపగలదే గానీ చంపలేదు. డబ్బు బిల్లయితే పద్నాలుగు రోజులే గడువు. మండలి కావాలా వద్దా అని తీర్మానించేదీ శాసనసభే, చట్టం చేసేది మాత్రం పార్లమెంటు. ఇంటి పెత్తనం ఎవరిదో అర్థమైందిగా!

ఇచ్చిన చేత్తోనే తీసుకోవడమూ సభకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా పోరాటం పుణ్యమా అని 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించిందీ ఆ సభే.

అన్నట్టు, పుట్టింటి నుంచి "ఒక్క సంతకం పెట్టమ్మా" అని కబురొస్తే కాగితం చదవందే పెట్టకండి. పంపకాలు ఎప్పుడయ్యాయి, రిజిస్టరయ్యాయా అని అడగండి. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పూర్తయిన పంపకాలను 2005 చట్టం తిరగదోడదు.