వీరుడు లేని ఆట

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన బాలునకు కరువనునది పాఠ్యపుస్తకములోని మాట మాత్రమే. నిడదవోలు పరిసరములందు ఎటు చూచినను కాలువగట్లును వరిచేలును కనబడును. నీరు ఆదినుండియు ఇట్లే పారుచున్నదని అతడు తలచుట సహజము. కాని ఈ పచ్చదనమునకు ఇంకను రెండు శతాబ్దములు నిండలేదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన కరువు గుంటూరు సీమను వల్లకాడు చేసినది. గోదావరి సీమయు దాని వేడిని చవిచూచినది. పిమ్మట సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట ఈ ప్రాంతపు తలవ్రాతను మార్చినది. నేడు దాని స్థానమున బరాజు నిలిచియున్నది. ఆ ఆనకట్ట పడమటి కొసనున్న విజ్జేశ్వరము నిడదవోలు మండలములోనిదే.

కరువు నెరుగని తరమునకు కరువును బోధించుట ఎట్లు? చరిత్ర సంవత్సరములను చెప్పును, కారణములను వరుసగా పేర్చును. వానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసిన విద్యార్థికి ఆకలి మాత్రము తగులదు. ఈ చిక్కునకు ఉపాధ్యాయులు ఊహింపని చోటనుండి ఒక సమాధానము వచ్చినది. అది ఒక వీడియో గేము. దాని పేరు ‘అన్‌రెస్ట్’. అశాంతి యని అర్థము. పైరోడాక్టిల్ అను భారతీయ సంస్థ, ప్రజలిచ్చిన చందాల సాయముతో దానిని నిర్మించి 2014లో విడుదల చేసినది.

ఇది పాత్రధారణ క్రీడల కోవకు చెందినది. ఆడువాడు కథలోని ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర పలుకవలసిన మాటలను, చేయవలసిన పనులను తానే నిర్ణయించును. ఇట్టి ఆటలలో సాధారణముగా ఆడువాడు వీరుడు. శత్రువులను గూల్చి, బలము పెంచుకొని, లోకమును రక్షించును. ఇందు అట్టి వీరుడు లేడు. ప్రాచీన భారతమును తలపించు కల్పితలోకమున భీమ్రా అను నగరము కరువు వాత బడినది. ఒకవైపు నాగజాతితో సంధి మాటలు నడచుచుండగా, మరియొకవైపు జనులలో అశాంతి రగులుచుండును. ఆడువాడు ఐదుగురి పాత్రలను ధరింపవలెను. అందొకతె రైతుబిడ్డ, ఇంటివారు ఆమెను ఇష్టములేని పెండ్లికి సిద్ధము చేయుచున్నారు. మరియొకరు నాగజాతి రాయబారి.

ఇందు కత్తికన్న మాటకు బలమెక్కువ. ఎదుటివారికి తనపైగల స్నేహము, గౌరవము, భయము సంభాషణము సాగినకొలది హెచ్చుచు తగ్గుచునుండును. పోరు అరుదు, అది ఎదురైనను తప్పించుకొనుటయే మేలు, ఏలనన ధరించిన పాత్ర సామాన్యమానవుడు. కరువు వేళ ఆ పిల్ల పెండ్లికి ఒల్లననినచో ఇంటి గతి యేమి? ఒప్పుకొన్నచో ఆమె గతి యేమి? నిర్ణయము ఆడువానిదే.

ఈ ఆటకు రావలసిన పేరు రాలేదు. దాని మిశ్రరూపము అందుకొక కారణము కావచ్చును. యుద్ధము కోరువానికి ఇది పుస్తకమువలె తోచును. కథ కోరువానికి ఆటవలె తోచును. నిడివి కొద్ది, బొమ్మలు సాదా. అయినను మిశ్రరూపము దానంతట అది దోషమగునా? ఈ గోదావరి తీరముననే, రాజమహేంద్రవరమున, పదునొకండవ శతాబ్దియందు నన్నయభట్టు భారతమును పద్యగద్యములు కలిసిన చంపువుగా రచించెను. అందలి గద్యమును చూపి, ఇది పద్యము కాదే యని ఎవరును తప్పు పట్టరు. రెండును కలిసి కథను నిలిపినవా లేదా యని మాత్రమే చూతురు. ‘అన్‌రెస్ట్’ను గూడ అట్లే చూడవలెను. నాటకమునుండి సంభాషణము, నవలనుండి జీవితచిత్రణము, ఆటనుండి నిర్ణయభారము వచ్చి ఇందు చేరినవి. మూడును కలిసి ఆడువానిని మరియొకని స్థానమున నిలబెట్టును.

కావ్యపఠనమునకు దీనికి గల భేదమిచ్చటనే యున్నది. కథలోని దుఃఖమునకు పాఠకుడు కంటతడి పెట్టవచ్చును గాని, ఆ దుఃఖమునకు అతడు బాధ్యుడు కాడు. ఆడువాడు బాధ్యుడు.

ఆట ఆంగ్లమున నున్నది. కంప్యూటరు ప్రతి బడిలోను దొరకకపోవచ్చును. కాని దాని పద్ధతికి యంత్రముతో పని లేదు. నందన కరువును బోధించు ఉపాధ్యాయుడు తరగతిలో ఒకనికి రైతు పాత్రను, ఒకనికి గాదె నిండిన వర్తకుని పాత్రను, ఒకతెకు బిడ్డల తల్లి పాత్రను, వేరొకనికి శిస్తు వసూలుచేయు ఉద్యోగి పాత్రను ఇచ్చి, మీరేమి చేయుదురని అడుగవచ్చును. వర్తకుడైన బాలుడు గాదె తలుపు తెరచునో లేదో, ఏల తెరువడో, తన నోటితోనే చెప్పవలసివచ్చును. ఆ గంటయైన పిమ్మట విజ్జేశ్వరము వద్ద కాలువలోనికి పారు నీటిని అతనికి చూపవలెను. ఆనకట్ట ఎందుకు కట్టిరో అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.