పదహారు సెకన్ల దగ్గర ఆగిపోకుండా: మీ పిల్లల మొదటి ఎలక్ట్రానిక్ పాట



ఈ మధ్య పీటీఎంలలో మార్కుల మాట అయ్యాక ఒక ప్రశ్న తరచూ వస్తోంది. "మేడమ్, మా వాడు లాప్‌టాప్ ముందు కూర్చుని డబ్ డబ్ మని ఏదో మ్యూజిక్ చేస్తున్నాడు. మానిపించాలా, కీబోర్డు కొనివ్వాలా?" రెండూ ఇప్పుడే వద్దంటాను. ముందు వాళ్లు చేస్తున్నదేమిటో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి.

స్క్రీన్ మీద అడ్డంగా వరసలు కనిపిస్తాయి. ఒక్కో వరస ఒక్కో వాయిద్యం. నాలుగు దెబ్బల బార్‌ను పదహారు గళ్లుగా విడగొడతారు. 1, 5, 9, 13 గళ్లలో కిక్ డ్రమ్, 5, 13 గళ్లలో చప్పట్లు, 3, 7, 11, 15 గళ్లలో హై-హ్యాట్ పెట్టి ప్లే నొక్కితే డాన్స్ పాటల్లో మీరు ఎప్పుడూ వినే బీట్ వచ్చేస్తుంది. నమ్మకపోతే ఏబుల్టన్ సంస్థ ఉచితంగా పెట్టిన 'లెర్నింగ్ మ్యూజిక్' వెబ్‌సైట్‌లో మీరే ప్రయత్నించండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

బీట్ ఇంత తేలిగ్గా రావడంతోనే చిక్కు మొదలవుతుంది. లెక్కల టీచర్‌ని కదా, ఈ లెక్క చెప్పకుండా ఉండలేను. వేగం నిమిషానికి 120 దెబ్బలైతే ఒక బార్ రెండు సెకన్లు. పిల్లలు ముచ్చటపడి చేసే ఎనిమిది బార్ల ముక్క 16 సెకన్లే. మూడు నిమిషాల పాటకు 90 బార్లు కావాలి. ఎక్కువమంది ఆ 16 సెకన్ల దగ్గరే ఆగి, మర్నాడు ఇంకో కొత్త ముక్క మొదలుపెడతారు. ఫోల్డర్ నిండా ముక్కలే, పాట ఒక్కటీ ఉండదు. కొన్నాళ్లకు "నాకు రాదులే" అని వదిలేస్తారు. కొనిచ్చిన కీబోర్డు బీరువా మీదికి చేరుతుంది.

దీనికి దారి ఉంది. ఆ ఎనిమిది బార్లను మూడు నిమిషాల పొడవునా కాపీ చేయమనండి. తర్వాత పని తీసేయడమే. మొదట్లో హై-హ్యాట్ ఒక్కటే ఉంచాలి. కాసేపటికి కిక్ రావాలి. మధ్యలో డ్రమ్స్ అన్నీ ఆపి రాగం ఒక్కటే వినిపించి, మళ్లీ అన్నీ కలిపి తేవాలి. ఏది ఎక్కడ తీయాలో తెలియాలంటే వాళ్లకిష్టమైన పాట ఒకటి తీసుకుని, ఏ సెకనుకు ఏ వాయిద్యం వస్తోందో, ఏది ఆగుతోందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నా ఉద్దేశంలో సాఫ్ట్‌వేర్ వీడియోలు పది చూడడం కన్నా ఈ ఒక్క పని మేలు.

సంగీతం క్లాసుకు వెళ్లే పిల్లలకు సగం పని ముందే వచ్చు. ఆది తాళం ఎనిమిది దెబ్బలు ఇక్కడ రెండు బార్లు. పియానో రోల్‌లో 'సి'ని షడ్జమం అనుకుంటే మోహనం పూర్తిగా తెల్ల కీల మీదే వస్తుంది: సి, డి, ఇ, జి, ఎ. గమకాలు మాత్రం గడులు నింపితే రావు, దానికి పిచ్ బెండ్ నేర్చుకోవాలి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. బొంబాయి సినిమా పాటలకు వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లోనే రోలాండ్ యంత్రాల మీద పది రాగాలను డిస్కో బీట్‌కు కట్టి ఆల్బమ్ చేశారు. అందులో మన మోహనానికి దగ్గరైన భూపాలి కూడా ఉంది. అప్పట్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయి విన్నది. ఇంట్లో అందరూ కలిసి వినండి.

ఖర్చు విషయానికొస్తే, మొదటి పాట పూర్తయ్యేదాకా రూపాయి పెట్టక్కర్లేదు. ఐప్యాడ్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్, లేకపోతే బ్యాండ్‌ల్యాబ్ చాలు. బ్యాండ్‌ల్యాబ్‌లో పరిచయం లేనివాళ్లతో కామెంట్లు, సందేశాలు కూడా నడుస్తాయి కాబట్టి వయసు నిబంధన, ప్రైవసీ సెట్టింగులు మీరే చూడండి. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్‌లో పని సేవ్ అవుతుంది కానీ, కొనకుండా దాన్ని మళ్లీ తెరిచి కొనసాగించలేరు. ఇది తెలియక పిల్లలు ఏడుస్తారు.

ఇయర్‌ఫోన్స్ వైరువే ఇవ్వండి. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, పాపం పిల్లలు తమకే తాళం తప్పుతోందనుకుంటారు. వాల్యూమ్ 60 శాతం దాటనివ్వొద్దు. గంటకోసారి చెవులకు విశ్రాంతి కావాలి.

సినిమా పాట ముక్కను తమ ట్రాక్‌లో కలిపితే ఇంట్లో వినడానికి సరదాగానే ఉంటుంది. యూట్యూబ్‌లో పెడితే మాత్రం కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. అప్‌లోడ్ చేయాలనుకున్న పాటలో సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన శబ్దాలు, తాము రికార్డు చేసుకున్నవే వాడమనండి. వంటింట్లో కుక్కర్ విజిల్ కూడా రికార్డు చేసుకోవచ్చు, దానికి క్లెయిమ్ వేసేవాళ్లెవరూ లేరు.