కుక్కతో కాపలాకు పోతున్నారా? తాడు మరవొద్దు

కార్తీకం దాటితే పలమనేరు, కుప్పం, వి.కోట వైపు చలి పట్టుకుంటుంది. వరి కోతకు వచ్చేదీ, చెరకు, టమోటా చేలకు కాపలా కాయాల్సిందీ ఈ రోజుల్లోనే. సన్న, చిన్నకారు రైతుకు కూలి ఇచ్చి కాపలా మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు. కంబళి కప్పుకుని, కుక్కను వెంటబెట్టుకుని తానే పోతాడు. కుక్క తోడుంటే ధైర్యమే. అయితే దాన్ని ఇష్టానికి వదిలేసి నడిస్తే ఆ తోడే ప్రాణం మీదికి తెస్తుంది.

కుక్క చెప్పేది వినాలి

మంచు దిగిన వేకువలో పది బారల అవతల ఏముందో మన కంటికి ఆనదు. కుక్కకు ముందే వాసన తగులుతుంది. చెవులు నిక్కబొడిచి, గుర్రుమంటూ, ముందుకు అడుగు వేయనని మొరాయిస్తే అక్కడ ఏదో ఉన్నట్టే. అదిలించి లాక్కుపోకూడదు. వచ్చిన దారినే వెనక్కి మళ్లాలి.

తాడు ఎందుకు?

1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి ఏనుగులు మన పడమటి అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వరి, చెరకు, అరటి కోసం ఏనుగులు రాత్రుళ్లు చేలల్లో పడుతుంటాయి. విడిచిన కుక్క మొరుగుతూ వాటి మీదికి పోతుంది. ఏనుగు తిరగబడితే కుక్క పరుగెత్తి వచ్చేది యజమాని కాళ్ల దగ్గరికే. వెనకాలే ఏనుగూ వస్తుంది. ఎలుగుబంటితోనూ ఇదే ప్రమాదం.

అందుకని రెండు గజాల గట్టి తాడు కట్టి, పక్కనే నడిపించాలి. తాడును చేతికి మాత్రం చుట్టుకోవద్దు. అదాటున లాగితే కింద పడతారు. ప్రాణాపాయం వస్తే వెంటనే వదిలేయడానికీ వీలుండాలి.

శేషాచలం అడవి అంచు ఊళ్లలో చిరుత భయం ఉంది. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. 2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. పొద్దుగూకినాక కుక్కను తిప్పుకు రమ్మని పిల్లల్ని పంపవద్దు. మోటారు కొట్టం బయట రాత్రంతా కుక్కను ఒంటరిగా కట్టేయవద్దు.

గెనిమల మీద జాగ్రత్త

రక్తపింజర చలికాలంలోనూ తిరుగుతుంది. టార్చిలైటు, చేతికర్ర, కాళ్లకు బూట్లు తప్పనిసరి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం చేయకూడదు. కరిచిన కాలు కదల్చకుండా 108 వాహనంలో ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. అడవి పందుల కోసం కొందరు కరెంటు తీగలు లాగుతున్నారు. ఇది నేరం. చీకట్లో పరాయి కయ్యలకు అడ్డంగా పోకుండా బండి బాటనే నడవాలి.

టీకా వేయించారా?

పిల్లకు మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, డాక్టరు చెప్పినట్టు మళ్లీ వేయిస్తూ ఉండాలి. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పెంపుడు కుక్కే అయినా కరిస్తే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. పసుపు, సున్నం పూయకూడదు.

ఇంటికి వచ్చాక

మంచులో తడిసిన కుక్కను గోనెపట్టతో తుడవాలి. వేళ్ల సందుల్లో పల్లేరు ముళ్లు, చెవుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడాలి. పడుకునే చోట వరిగడ్డి పరవాలి. పిల్లల్నీ, ముసలి కుక్కల్నీ వేకువ చలిలో తిప్పకుండా, ఎండ వచ్చాక తిప్పితే మేలు.

ఒక్క మాట. ఊరి పక్కన ఏనుగులు దిగాయని తెలిసిన రాత్రి కుక్కతో అయినా, నలుగురితో అయినా చేనికి పోవద్దు. అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. పాడైన పంటకు పరిహారం అడగవచ్చు. కాపలాకు పోయిన మనిషి క్షేమంగా ఇంటికి రావడం ముఖ్యం.