పిల్లల్లో ఆటిజం: తల్లిదండ్రులకు ఫోన్‌లో యాప్స్ ఎంతవరకు పనికొస్తాయి?

"ఏరా, ఫోన్లన్నీ రివ్యూ చేస్తావుగా, ఇది నమ్మొచ్చా?" అంటూ పోయినేడాది మా అక్క ఒక స్క్రీన్‌షాట్ పంపింది. మేనల్లుడికి అప్పుడు రెండేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు, కావాల్సింది వేలితో చూపించడు. ఏదో ఫ్రీ యాప్‌లో ప్రశ్నలకు జవాబులిస్తే 'బాబుకి ఏ సమస్యా లేదు' అని పచ్చ టిక్ వచ్చింది. రేటింగ్ 4.6 చూసి నేనూ "బానే ఉందక్కా" అనేశాను. ఆ ఒక్క మాటతో డాక్టర్ దగ్గరికి వెళ్లడం నాలుగు నెలలు లేటైంది. అందుకే ఈ ఆర్టికల్.

స్క్రీనింగ్ యాప్స్

ఇలాంటి యాప్ ఓపెన్ చేయగానే అందులోని ప్రశ్నలు ఎక్కడివో చూడండి. డాక్టర్లు వాడే ఎం-చాట్-ఆర్ 16 నుంచి 30 నెలల పిల్లల కోసం. అవును/కాదు అని చెప్పాల్సిన 20 ప్రశ్నలుంటాయి. స్కోర్ ఎక్కువొస్తే ఆటిజం ఉన్నట్టు కాదు, తక్కువొస్తే లేదని గ్యారంటీ కూడా కాదు. అమెరికాలో 2021లో ఎఫ్‌డీఏ అనుమతించిన కాగ్నోవా సాఫ్ట్‌వేర్ కూడా అంతే. తల్లిదండ్రులు జవాబులిచ్చి, పిల్లల వీడియోలు అప్‌లోడ్ చేస్తారు. కానీ అది డాక్టర్‌కి సాయం మాత్రమే, తేల్చి చెప్పాల్సింది డాక్టరే.

మాటకు బదులు బొమ్మ

నిజంగా రోజూ పనికొచ్చేవి ఇవి. వీటిని ఏఏసీ యాప్స్ అంటారు. 'నీళ్లు' బొమ్మ నొక్కితే ఫోన్ ఆ మాట పలుకుతుంది. చెన్నైలో తయారైన ఆవాజ్‌లో తెలుగు ఉంది. ఐఐటీ బాంబేలో పుట్టిన జెల్లో ఫ్రీ. "ఇది అలవాటైతే వాడికి మాటలే రావేమో" అని అక్క భయపడింది. అలా ఏం కాదని, చెప్పాలనుకున్నది చెప్పే దారి దొరికితే పిల్లల చిరాకు కూడా తగ్గుతుందని థెరపిస్ట్ చెప్పారు.

ఈ సెట్టింగ్స్ మర్చిపోవద్దు

• ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ ఆన్ చేయండి. లేదంటే రెండు నిమిషాల్లో యూట్యూబ్‌లో ఉంటారు.
• యాప్ ఫోన్‌లోని వాయిస్‌తోనే పలుకుతుంటే తెలుగు వాయిస్ డేటా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేని చోట మాట ఆగిపోకూడదు.
• పిల్లల వీడియో అడిగే యాప్ అయితే, అది ఎక్కడ సేవ్ అవుతుందో, డిలీట్ చేయొచ్చో లేదో ప్రైవసీ పాలసీలో చదవండి.
• కొత్త ట్యాబ్ కొనక్కర్లేదు. అక్క వాడేది నా పాత ట్యాబే, కాకపోతే గట్టి కేస్ వేయించాం.

అనుమానం వస్తే యాప్ స్కోర్ కోసం ఆగకండి. పిల్లల డాక్టర్‌ని కలవండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ డీఈఐసీ సెంటర్లున్నాయి.

మేనల్లుడు ఇప్పుడు ట్యాబ్ తెచ్చి 'బయటికి' బొమ్మ నొక్కుతాడు, అదీ ఆపకుండా పదిసార్లు. ఈసారి ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే నేను రేటింగ్ చూడను. "డాక్టర్‌కి చూపించారా?" అని అడుగుతాను. మీరూ అదే అడగండి.