కీస్టోన్ జెట్టీ

కీస్టోన్ జెట్టీ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వాషింగ్టన్ రాష్ట్రములో, విడ్బీ ద్వీపమున ఫోర్ట్ కేసీ వద్ద ఉన్న రాతి కట్ట. పడవతో పని లేకుండా ఒడ్డు నుండియే దిగి చేయు స్కూబా డైవింగుకు ఇది ప్రసిద్ధి.

జీవజాలము

రాళ్ళ సందులలో జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్, లింగ్‌కాడ్ చేపలు, తెల్లని సీ అనిమోనీలు కనిపిస్తాయి. నీరు ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది కనుక అధికులు డ్రై సూట్ ధరిస్తారు.

ప్రవాహములు

ప్యూజెట్ సౌండ్ నీటిలో అధికభాగము ఆటుపోట్ల సమయమున అడ్మిరల్టీ ఇన్‌లెట్ గుండానే వచ్చి పోతుంది. అందువలన ఇక్కడ ప్రవాహము ఉధృతము. కట్ట చివర మరింత ప్రమాదకరము. ప్రవాహము దిశ మారునపుడు నీరు కొద్దిసేపు నిలకడగా ఉంటుంది. డైవింగుకు అదే అనువైన సమయము. అయితే నీటిమట్టము గరిష్ఠమగు సమయము, ప్రవాహము ఆగు సమయము ఒకటి కావు. కనుక ఆటుపోట్ల పట్టిక మాత్రమే చాలదు, ప్రవాహముల పట్టికను కూడ చూడవలెను. కట్టకు ఒక ప్రక్క ఫెర్రీ రేవు ఉన్నందున డైవర్లు రెండవ ప్రక్కనే ఉండవలెను.